అగ్గిగుట్టకు ఎల్లో పడింది

మెట్టుగూడలో తన ఇంటి వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పర్వతాలు అగ్నిపర్వతం ఎక్కుతున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. కాళ్ళు రెండూ పీట మీద చాపుకున్నాడు, అయినా అడుగులు పడుతూనే ఉన్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆ అడుగులు నిజానికి ఆయనవి కావు. సముద్రాల అవతల ఇండోనేషియాలో, పేరు పలకబోతే నోరు తిరగని ఒక చిన్న దీవిలో, నల్లటి బూడిద మీద నడుస్తున్న ఆయన భార్య బాలమ్మవి. ఫోను ఆమె మెడలోని సంచిలో వేలాడుతోంది. బూటు కింద బూడిద కరకరమన్నప్పుడల్లా ఆ చప్పుడు తిన్నగా వచ్చి ఈయన చెవిలో పడుతోంది.

"గ్రీన్!" అంది బాలమ్మ ఆయాసపడుతూ.

"గ్రీన్!" అన్నాడు పర్వతాలు.

యాభై అడుగులకొకసారి అలా పలకాలి. అది రైలింజన్‌లో పద్ధతి. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా పలుకుతాడు, డ్రైవరు అదే మాట తిరిగి పలుకుతాడు. ఇద్దరి నోటా ఒకే రంగు వస్తేనే బండి ముందుకు పోతుంది. సికింద్రాబాద్, కాజీపేటల మధ్య ముప్పై నాలుగేళ్ళు బండ్లు నడిపి రిటైరైన పర్వతాలు ఆ పద్ధతినే భార్యకు నేర్పాడు. ఎవరి ఒంటి సంగతి వాళ్ళు పలకాలి: బాగుంటే గ్రీన్, కొంచెం తేడా చేస్తే ఎల్లో, ఇక అడుగు పడకపోతే రెడ్.

వరండా కింద కూతురు నవత తంగేడు పూల గంపను ముందేసుకుని కూర్చుంది. పొద్దుటి ఎండలో వాకిలంతా పసుపుపచ్చగా ఉంది. సాయంత్రం బతుకమ్మ పేర్చాలి. నవత కాపురం ఉండేది సికింద్రాబాద్‌లోనే, కార్ఖానా అనే పేటలో. నలభై రోజుల కిందట గుండెలో స్టెంటు పడ్డ తండ్రిని, తల్లి తిరిగొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడానికి వచ్చింది. ఆ పనిలో ఆమె ఆస్పత్రి నర్సుల కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఆయన్ని మేడ మెట్లు ఎక్కనివ్వదు, ఉప్పు డబ్బా ఎక్కడ దాచిందో చెప్పదు.

"అమ్మ ఏడిదాక ఎక్కింది నాయినా?"

"సగం దాటినం."

"దాటినం అంటవేంది? నువ్వు కుర్సీల ఉన్నవ్."

పర్వతాలు కళ్ళు తెరవకుండానే విసుగ్గా చెయ్యి ఊపాడు. ఎక్కుతున్నప్పుడు మాట్లాడించడం ఆయనకు నచ్చదు.

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణానికి మూలం ఆయన పేరే. మంచి నిబ్బరమైన పేరు. కానీ మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చాయ్ చల్లారితే కోపం, పేపరు మడత తప్పితే కోపం, వీధి పిల్లల బంతి గోడ దాటితే మహా కోపం. ఆ పిల్లలే ఎప్పుడో ఆయన పేరుకు ముందు 'అగ్ని' తగిలించారు. బళ్ళో భూగోళం పాఠంలో 'అగ్నిపర్వతాలు' అన్న మాట వచ్చినప్పుడల్లా మెట్టుగూడ పిల్లలంతా కిసుక్కున నవ్వేవారు. పాఠం చెప్పే దేవకృప టీచరు కూడా పెదవి కొరుక్కునేది, ఎందుకంటే ఆమె ఇల్లు వీళ్ళింటికి మూడిళ్ళ అవతలే.

ఆ టీచరే గతేడాది నిజమైన అగ్నిపర్వతం ఎక్కి వచ్చి, ఫోనులో ఫోటోలు చూపించింది. "ఏంటిది, చెప్పండి చూద్దాం బాలమ్మక్కా?" అని అడిగితే బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుణ్ణి 'నవత నాయినా' అని పిలవడమే తప్ప పేరు నోటితో పలకని ఆడమనిషి ఆ మాట ఎలా అంటుంది? కాసేపు ఆలోచించి, "అగ్గిగుట్ట" అంది. తర్వాత ఆమే నవ్వుతూ, "ముప్పై ఎనిమిదేండ్ల సంది ఒకదానితోని కాపురం జేస్తున్న టీచరమ్మా. అసలుదాన్ని ఒక్కపారి చూడొద్దా?" అంది.

నవ్వులాటకే అంది. కానీ అప్పటినుంచి ఆమెకు కలలు మొదలయ్యాయి. కలలో ఆ గుట్ట వాళ్ళ సందు చివర వచ్చి కూర్చునేది. తొందరేమీ లేదన్నట్టు, బాలమ్మ గిన్నెలు తోముకుని వచ్చేదాకా బీడీ కాలుస్తూ ఎదురుచూసేది. ఆమె చేతులు తుడుచుకుని వీధిలోకి వచ్చేసరికి తెలివి వచ్చేసేది. పొద్దున్నే లేచి ఆ కల చెబుతుంటే ఆమె ముఖంలో ఒక వెలుగు ఉండేది. పెళ్ళినాటి నుంచీ బాలమ్మ తనకంటూ ఏదీ అడగలేదని పర్వతాలుకు అప్పుడే తట్టింది. తట్టిన వెంటనే ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపంలోనే "నేను సుత వస్తా, పా" అనేశాడు. ఇంటిల్లిపాదీ నోరెళ్ళబెట్టారు.

దసరా సెలవుల్లో టీచరు తీసుకెళ్ళేది ఆరుగురిని, అందరూ పొద్దుటి నడక స్నేహితులే. ఊరికే తీసుకెళ్ళే మనిషి కాదామె. జూలై నుంచి ఆదివారాలు చర్చి అయ్యాక తన ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పేది. అది చిన్న కొండే, మూడు గంటల నడకే, కానీ బతికున్న కొండ అని మరీ మరీ చెప్పేది. హెల్మెట్ పెట్టుకోవాలి, మాస్కు మెడలో ఉండాలి, గాలి ఎటునుంచి వీస్తోందో కొంగు చూసి తెలుసుకోవాలి. పల్లపు చోట్ల విషవాయువు నీళ్ళలా నిలిచి ఉంటుంది కాబట్టి అలసట తీర్చుకోవడానికని గుంటలో కూర్చోకూడదు. రాళ్ళు పైకి లేస్తే వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు, తలెత్తి రాయిని చూస్తూ తప్పుకోవాలి. ఎవరూ ఒంటరిగా ఎక్కకూడదు, జంటగానే ఎక్కాలి, ఒకరు దిగితే ఇద్దరూ దిగాలి. పర్వతాలు ఇవన్నీ బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాడు. రంగుల దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

ఆ కొండను కనిపెట్టి చూసే చౌకీ ఒకటి ఉందట. కొండ తీరునుబట్టి అక్కడ నాలుగు రంగుల్లో ఏదో ఒక పలక పెడతారట. గ్రీన్ ఉంటే అంచుదాకా వెళ్ళి లోపలి మంట చూడొచ్చు. ఎల్లో ఉంటే దారికి అడ్డంగా ఒక తాడు కడతారు, ఆ తాడు దగ్గర ఆగిపోవాలి.

"ఎల్లోకు ఎందుకాగుతరు?" అన్నాడు పర్వతాలు. "ఎల్లో అంటే ఆగుమని కాదు టీచరమ్మా. స్పీడ్ తగ్గించుకోని పోవాలె. ముంగట సిగ్నల్ కాడ ఆగాల్సొస్తదేమో, తయారుగుండు అని."

"అది మీ రైలుకండీ."

"యాడికైనా సిగ్నల్ సిగ్నలే. ఎల్లోకు బండి ఆపితే వెనక వచ్చేటి బండ్లన్నీ ఆగమైతయి."

"పర్వతాలు గారూ, కొండకి మీ టైంటేబుల్ తెలీదు కదండీ. ముందున్న సిగ్నల్ దాకా అది ఆగకపోవచ్చు."

నలుగురూ నవ్వారు. పర్వతాలు ముఖం కందిపోయింది. ఇంటికి వచ్చే దారిలో బాలమ్మతో, "ఆమె పిల్లలకు పాఠం చెప్పుకునే మనిషి. సిగ్నళ్ళ సంగతి ఆమెకేం దెలుసు? నా మాట యాది పెట్టుకో. ఎల్లో అంటే మెల్లగ పో, అంతే" అన్నాడు. బాలమ్మ తలూపింది. ఆ తలూపడం ఆయనకు చాలా తృప్తి కలిగించింది.

రోజూ తెల్లారకముందే ఇద్దరూ ఆటోలో మౌలాలి గుట్టకు వెళ్ళేవారు. పైన దర్గా దాకా నాలుగు వందల పైచిలుకు మెట్లు. బాలమ్మ చీర మీద బూట్లు వేసుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఎక్కుతుంటే, కింద చాయ్ బండి అతను "అమ్మా, గుట్ట పేల్తదా ఏంది?" అని అడిగేవాడు. శ్రావణమాసపు తుంపరలో మెట్లు తడిసి మెరిసేవి. పైకి పోయేకొద్దీ మంచు లాంటి తెల్లటి ముసురు కమ్ముకునేది. కింద యార్డులో ఇంజన్లు కూతపెడితే ఆ కూత మాత్రమే పైకి వచ్చేది, ఇంజన్ కనిపించేది కాదు. మూడు వందల మెట్లు దాటితే బాలమ్మకు ఇండోనేషియా మొదలయ్యేది. ఆ ముసురును పొగ అనేది. బండను తాకి వెచ్చగా ఉందనేది. "ఇగో, అగ్గిపుల్ల గీసిన వాసన వస్తున్నది" అనేది. పర్వతాలుకు తడిమట్టి వాసన తప్ప ఏదీ తెలిసేది కాదు, అయినా ముక్కు ఎగబీల్చి, అవునవును అనేవాడు. ఆ కాస్త సేపు ఇద్దరూ ఒకే కలలో ఉండేవారు. ముప్పై ఎనిమిదేళ్ళలో వాళ్ళు అలా పక్కపక్కన నడిచిందీ అప్పుడే.

ఆగస్టు చివర్లో ఒకరోజు, మూడు వందల యాభయ్యో మెట్టు దగ్గర, బాలమ్మ "గ్రీన్!" అంది. జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఆయన మెట్టు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. దర్గాకు వచ్చినవాళ్ళు నలుగురు కలిసి ఒక చద్దర్‌లో వేసి కిందికి మోసుకొచ్చారు.

ఆస్పత్రిలో ఆయన కళ్ళు తెరిచాక బాలమ్మ అడిగిన మొదటి మాట, "ముందుగాల నీకేం తెల్వలేదా?" అని.

"లే. గ్రీన్ ఉండె, సీదా రెడ్ పడ్డది" అన్నాడు పర్వతాలు.

అది అబద్ధం. అప్పటికి పదిహేను రోజులుగా ఆయనకు ఎల్లో ఉంది. రెండు వందల మెట్లు ఎక్కేసరికి ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టు ఉండేది. వేగం తగ్గించేవాడు, పిడికిలి వదులయ్యేది, మళ్ళీ ఎక్కేవాడు. ఎల్లో చూసి ఆగడం ఆయన ఎరగడు. పైగా తను దిగితే జంట దిగిపోతుంది, బాలమ్మ ప్రయాణం ఆగిపోతుంది. అందుకని యాభై మెట్లకొకసారి గట్టిగా గ్రీన్ అని పలికాడు. ఉద్యోగంలో ఉండగా సిగ్నల్ తప్పు పలికిన అసిస్టెంట్లను ఆయన ఇంజన్ దింపేదాకా వదిలిపెట్టలేదు. అలాంటి మనిషి పదిహేను రోజులు భార్య ముఖం మీద అబద్ధపు రంగు చెప్పాడు. సిగ్గేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బాలమ్మ ప్రయాణం మానుకుంటానంది. ఆయనే పట్టుబట్టి పంపాడు. టీచరు ఆమెకు జంటగా ఉంటానంది. ఇదిగో, ఇలా ఆయన కుర్చీలో, ఆమె కొండ మీద.

"టీచరమ్మ ఏడున్నది?" అని ఇప్పుడు అడిగాడు ఫోనులో.

"ఇరువై అడుగులు కిందనే ఉన్నది. మా గుంపుల కాంతమణికి ఊపిరి ఆడుతలేదంట, కూసోబెట్టి నీళ్ళు తాపుతున్నది. నన్ను కండ్ల ముంగటనే ఉండుమన్నది." బాలమ్మ గొంతు పలచగా, గాలిలో తేలుతున్నట్టుంది. "నేను తాడు కాడికొచ్చిన."

"తాడా? ఏం తాడు?"

"పొద్దుగాల గ్రీన్ ఉండె. మేము నడుస్తుండంగ గైడ్‌కు వైర్‌లెస్‌ల చెప్పిండ్రు. ఎల్లో పడ్డదంట. దారికడ్డం తాడు కట్టిండు."

పర్వతాలు కళ్ళు తెరిచాడు. వాకిట్లో తంగేడు పూలు ఎండకు భగ్గుమంటున్నాయి.

"వేరే గుంపోళ్ళు తాడు కిందికెళ్ళి వంగి పోతున్నరు, ఫోటోలు దిగనీకి. ఇంక యాభై అడుగులే అంట అంచుకు. ఈడికెళ్ళి పొగనే కొడుతున్నది, మంట కనబడ్తలేదు." గాలి చప్పుడు వచ్చింది. "నువ్వు చెప్పినవ్ గద, ఎల్లో అంటే మెల్లగ..."

మాట తెగిపోయింది.

"బాలమ్మా! హలో! బాలమ్మా!"

ఫోను చూసుకున్నాడు. మళ్ళీ చేశాడు. పోలేదు. దేవకృప టీచరుకు చేశాడు. ఏదో తెలియని భాషలో ఒకామె తీయగా ఏదో చెప్పి పెట్టేసింది. ఇంకోసారి చేశాడు. అదే గొంతు, అదే తీపి.

"ఏమైంది నాయినా?"

"టవర్ పోయింది."

"వస్తది తీ. పరేషాన్ గాకు" అని నవత పూలకట్ట కాడలు కత్తిరించడంలో పడింది.

పర్వతాలు కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళు మూసుకోకూడదనుకున్నాడు, కానీ అవే మూతపడ్డాయి. మూసుకోగానే ఆయన మళ్ళీ కొండ మీద ఉన్నాడు, ఈసారి ఇంజన్‌లో. పట్టాలు నల్లటి బూడిదలోంచి పైకి పోతున్నాయి. ముందు ఒక తాడు, తాడు అవతల చీర మీద బూట్లు వేసుకున్న మనిషి. వీపు కనిపిస్తోంది. మెల్లగా నడుస్తోంది. ఎంత మెల్లగా అంటే, అచ్చం ఆయన చెప్పినంత మెల్లగా. కూత పెట్టాడు. ఆమె తిరిగి చూడలేదు. బ్రేకు వేశాడు. బ్రేకు వేసిన బండి వెంటనే ఆగదని ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? కిలోమీటరు ముందు వెయ్యాలి. తను వెయ్యాల్సింది ఇప్పుడు కాదు, జూలైలో, టీచరు ఇంటి నుంచి వచ్చే దారిలో. పోనీ ఆగస్టులో, ఆస్పత్రి మంచం మీద, ఆమె అడిగినప్పుడు. ఎల్లో ఉండె బాలమ్మా, చూసి సుత ఆగలే, అందుకే గిట్ల పడ్డ అని ఒక్క మాట చెప్పి ఉంటే ఇవాళ ఆమె తాడు దగ్గర ఆగిపోయేది. తన పరువు కోసం ఆ మాట మింగాడు. ఇప్పుడు ఆమె ఆయన మాట పట్టుకుని, నమ్మకంగా, మెల్లగా నడుచుకుంటూ మంట దగ్గరికి పోతోంది.

భయం ఎలా ఉంటుందో పర్వతాలుకు తెలియనిది కాదు. పట్టాల మీద బర్రెలు, పొగమంచులో గేట్లు, అన్నీ చూశాడు. కానీ అప్పుడు చేతిలో బ్రేకు ఉండేది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఫోను. అది ఎంత నొక్కినా ఆ తీయని గొంతే.

పావుగంట గడిచింది. ఇంకో ఐదు నిమిషాలు గడిచాయి. ఛాతీలో ఏదో బిగిసింది, భయానికే అనుకున్నాడు. దూరంగా ఏదో ఎక్స్‌ప్రెస్ కూత వేసుకుంటూ వెళ్ళింది. దేవుళ్ళకు మొక్కే అలవాటు లేని మనిషి యాదగిరి నర్సన్నకు మొక్కాడు. ఆపై మౌలాలి గుట్టకు మొక్కాడు. చివరికి ఆ పేరు తిరగని దీవిలో ఉన్న గుట్టకే మొక్కాడు. ఒక్కపూట సప్పుడు జేయకుండు తండ్రీ, ఆమె అమాయకురాలు, తప్పు నాది అన్నాడు.

ఫోను మోగింది.

"బాలమ్మా! ఏడున్నవ్?"

"ఏడుంట? తాడు కాడనే కూసున్న."

పర్వతాలు కుర్చీలో ముందుకు వంగాడు.

"ఇనబడుతున్నదా? టవర్ పోయింది. టీచరమ్మ సుత పైకొచ్చింది. అందరం ఈడనే కూసున్నం. తాడు దాటినోళ్ళను గైడ్ లొల్లి జేసి వాపస్ పిలిచిండు. నవత నాయినా, ఉన్నవా?"

"ఉన్న. దాటలేదా నువ్వు?"

"దాటలే."

"నేను చెప్పింది..."

"నువ్వు చెప్పింది యాదికున్నది."

"అది తప్పు బాలమ్మా." ఇక ఆగలేదు పర్వతాలు. ముప్పై ఎనిమిదేళ్ళలో భార్యతో 'తప్పు' అన్న మాటను తన గురించి వాడటం అదే మొదటిసారి, ఒకసారి నోరు దాటాక అది సులువుగానే వచ్చేసింది. "నేను నీకు అబద్ధం చెప్పిన. గుట్ట మీద నాకు సీదా రెడ్ పడలే. పదిహేను దినాలు ఎల్లో ఉండె. ఛాతిల పట్టుకుంటుండె. నీకు గ్రీన్ అని చెప్పిన. నీ ప్రయాణం ఆగొద్దని చెప్పలే. తర్వాత సిగ్గయి చెప్పలే."

మళ్ళీ లైను తెగిందేమోనని ఆయన ఇయర్‌ఫోన్లను చెవుల్లోకి అదుముకున్నాడు.

"నాకు తెలుసు" అంది బాలమ్మ.

"ఏం దెలుసు?"

"నీ అంగీలు ఉతికేది ఎవలు? జేబుల గ్యాస్ గోలీల పట్టీలు. దినాం ఒకటి. ఒకపారి రెండు. నువ్వు పడకముందే చూసిన. వారం దినాల ముందుగాల్నే చూసిన."

"అడగలేదేంది మరి?"

"అడిగితే గుట్ట ఎక్కుడు బంద్ అయితదని." బాలమ్మ ఏడుస్తోంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాస్కు వెనక నుంచి మొద్దుగా వచ్చింది. "నాకు గీ అగ్గిగుట్ట చూడాలని అంత పాణముండె. ఉత్త గ్యాసేనేమో తీ అని మనసుకు చెప్పుకున్న. ఆ పట్టీలు పొయిల పడేసిన, నవత వచ్చినప్పుడు కనబడకుంట. నేను సుత ఎల్లో చూసి ఆగలే నవత నాయినా. నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు నీ పెదువులు చూసిన. ఇయ్యాల తాడు పట్టుకోంగనే అవ్వే కండ్ల ముంగట ఆడినయి. ఎట్ల దాటుత?"

పర్వతాలు కళ్ళ నుంచి నీళ్ళు కారి గడ్డం కిందికి దిగాయి. తుడుచుకోలేదు. ఇన్నాళ్ళూ తన ఒక్కడి తప్పనుకుని మోశాడు, అటుపక్క ఆమె కూడా మోస్తోందని తెలియదు. ఇద్దరూ ఒకరికొకరు గ్రీన్ అని పలుకుతూ, ఆయనది ఎల్లో అని ఇద్దరికీ తెలిసే, ఆ మెట్లన్నీ ఎక్కారన్నమాట. ఆయనకు కోపం రావాలి. కానీ రాలేదు. ఆమెను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది.

"ఎట్లున్నది చెప్పు" అన్నాడు చివరికి. "అగ్గిగుట్ట."

"మంట కనబడలే." ఆమె గొంతు తేరుకుంది. "తెల్లటి పొగ. లేస్తనే ఉన్నది, ఒడుస్తలేదు. మొగులు ఈడనే తయారైతదేమో అనిపిస్తది. లోపల్నుంచి చప్పుడొస్తున్నది, పెండ్లి ఇంట్ల పెద్ద దేగ్చల ఎసరు కాగినట్టు. ఉండు, ఇను."

ఆమె ఫోనును సంచిలోంచి తీసి కొండ వైపు పట్టుకున్నట్టుంది. మొదట గాలి, తర్వాత గాలి కింద ఇంకేదో, మెల్లగా, లోతుగా, ఒక పెద్ద ప్రాణి నిద్రలో గురక పెడుతున్నట్టు వినిపించింది. పర్వతాలు కళ్ళు మూసుకుని విన్నాడు. తను ఆమె పక్కన, నల్లటి బూడిద మీద, తాడుకు ఇవతల కూర్చున్నాడు. ఎదురుగా పొగ ఎత్తుకు ఎత్తు పెరిగి నీలంలో కలిసిపోతోంది.

"కింద చెయ్యి పెట్టిన" అంది బాలమ్మ. "నిజంగనే వెచ్చగున్నది. జొరమొచ్చిన పిల్ల నుదురు లెక్క. పాపం అనిపిస్తున్నది."

"జెర సేపు కూసో. ఏం తొందర?"

"లే. టీచరమ్మ దిగుదామంటున్నది. గాలి మర్లుతదంట. దిగుడు షురూ జేస్తున్నం." బూట్లు బూడిదలో కదిలాయి. హెల్మెట్ పట్టీ చప్పుడు వినబడింది. ఆపైన ఆమె, రోజూలాగే, గట్టిగా పలికింది. "గ్రీన్!"

ఆయన నోరు అలవాటుగా తెరుచుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఛాతీలో బిగిసింది భయమైతే, ఆమె తాడు దగ్గరే ఉందని తెలిసినప్పుడే వదిలిపోవాలి. వదల్లేదు. ఎడమ చెయ్యి మోచేయి దాకా లాగుతోంది.

"నవత నాయినా? గ్రీన్ అన్న. పలుకవేంది?"

"ఎల్లో" అన్నాడు పర్వతాలు.

అవతల అడుగుల చప్పుడు ఆగింది.

"ఎల్లో" అని తిరిగి పలికింది బాలమ్మ. మాట స్పష్టంగా ఉంది. "ఫోన్ పెట్టకు. నవతను పిలువు."

ఆయన పీట మీది నుంచి కాళ్ళు దించలేదు, లేవడానికి ప్రయత్నించలేదు. కూర్చున్నచోటే కూర్చుని, "నవతా, జెర ఇటు రా బిడ్డా. ఛాతిల పట్టుకున్నది" అన్నాడు. నవత ఒళ్ళోని పూలు కిందపడేసి పరుగెత్తుకొచ్చింది.